అస్వస్థతతో మోటారు నడుపుట

మోటారు బండి యెట్లు నడుచునో మన పై తరగతుల బాలురను అడిగినచో చక్కగా చెప్పగలరు. ఇంజనులో ఇంధనము మండుట, ఆ మంట వలన ముషలకము కదలుట, ఆ కదలిక చక్రములకు చేరుట, ఇవన్నియు వారికి కంఠస్థములు. కాని యా బండిలో మిక్కిలి సున్నితమైన భాగము ఏది యని యడిగినచో పెక్కుమంది జవాబు తప్పుదురు. అది యింజనులో లేదు. స్టీరింగు వెనుక కూర్చుండి యున్నది. డ్రైవరు యొక్క కన్ను, చెవి, గుండె, మెదడు, కాలుసేతులు సరిగా పనిచేయుచున్నంత వఱకే తక్కిన యినుప భాగములు మనకు సేవ చేయును. ఈ భాగమును గూర్చి పాఠ్యపుస్తకములలో నంతగా వ్రాయబడలేదు గనుక, మన పత్రికలో కొంత వ్రాయ సంకల్పించితిమి.

పూర్వము సంతనుండి రాత్రివేళ మరలివచ్చు బండివాడు పగ్గములు ఒడిలో పెట్టుకొని కునుకు తీసినను, ఎద్దులు తమంత తామే త్రోవ పట్టి యింటి ముంగిట నిలిచెడివి. ఎదుట గుంట యున్నచో ప్రక్కకు తొలగెడివి. దారిలో పసిబిడ్డ యున్నచో ఆగెడివి. బండివానికి తెలివి తప్పినను బండికి తెలివి మిగిలియుండెను. మోటారునకు అట్టి మేలు లేదు. నేడు కొన్ని విలువగల కార్లలో, అడ్డము వచ్చిన వస్తువును కనిపెట్టి తానే బ్రేకు వేయు ఏర్పాటు గలదు గాని, మన బజారులలో తిరుగు లారీలకును ఆటోలకును సామాన్యముగా అది లేదు. కావున డ్రైవరు తెలివి తప్పిన క్షణము మొదలు ఆ బండి ఎవరిదియు గాదు.

గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవు బండి ఒక్క సెకనులో ఇంచుమించు 17 మీటర్లు పోవును. బాలురు లెక్క చేసి చూచుకొనవచ్చును. డ్రైవరునకు మూడు సెకనులు మాత్రమే స్మృతి తప్పెననుకొందము. బండి 50 మీటర్లు దిక్కులేక పరుగెత్తును. ఆ 50 మీటర్లలో ఒక బడి వాకిలి యుండవచ్చును, ఒక సోడా కొట్టు ఉండవచ్చును, బస్సు కొఱకు వేచియున్న పదిమంది యుండవచ్చును.

ఇది యూహ గాదనుటకు ఒక యుదాహరణము చూపెదము. స్కాట్లాండు దేశమునందు గ్లాస్గో యను మహానగరము కలదు. 2014వ సంవత్సరము డిసెంబరు 22వ తేదీన, అనగా క్రిస్మసు పండుగకు మూడు దినములు ముందు, మధ్యాహ్నము రెండున్నర గంటల ప్రాంతమున, ఆ నగరసభ వారి చెత్త లారీ యొకటి క్వీన్ స్ట్రీటు అను వీథిలో పోవుచుండెను. పండుగ సరకులు కొనువారితో వీథి క్రిక్కిరిసి యుండెను. అకస్మాత్తుగా లారీ త్రోవ తప్పి, పాదచారులు నడచు కాలిబాట పైకెక్కి, జార్జి స్క్వేరు వైపునకు దూసికొనిపోయి, తుదకు ఒక హోటలు గోడను తాకి నిలిచెను. ఇదంతయు జరుగుటకు పట్టిన కాలము 19 సెకనులు. ఆఱుగురు మరణించిరి, పదునేనుగురు గాయపడిరి. లారీకి బ్రేకులు చెడలేదు. డ్రైవరు త్రాగియుండలేదు. అతడు స్టీరింగు ముందర సొమ్మసిల్లి యుండెను.

మఱుసటి సంవత్సరము ఈ మరణములను గూర్చి బహిరంగ విచారణ జరిగెను. న్యాయాధిపతి యగు జాన్ బెకెట్టు గారు తమ నిర్ణయమును 2015 డిసెంబరులో ప్రకటించిరి. ఆ విచారణలో బయల్పడిన సంగతి ప్రమాదముకంటెను ఎక్కువ కలతపెట్టునది. ఆ డ్రైవరు అంతకు నాలుగేండ్లకు పైగా ముందు, 2010 ఏప్రిల్‌లో, బస్సు నడుపు కొలువులో నుండగా, బస్సు నిలిచియున్న సమయమున తన ఆసనమునందే యొకసారి సొమ్మసిల్లి యుండెను. నాడు ఎవరికిని హాని కలుగలేదు. కాని యతడు జరిగినది జరిగినట్లు వైద్యులకు చెప్పలేదు. లైసెన్సు అధికారులకు తెలుపలేదు. తరువాత నగరసభ కొలువు కొఱకు దరఖాస్తు పెట్టినపుడు ఆరోగ్యమును గూర్చి యడిగిన ప్రశ్నలకు సరియైన ప్రత్యుత్తరము లీయలేదు. అతడు నిజము చెప్పియుండినచో ఈ ప్రమాదము తప్పియుండెడిదేమో యని న్యాయాధిపతి తలచిరి. అతని పేరు మేమిచట వ్రాయము. మనము తెలిసికొనవలసినది ఆ పేరు గాదు, ఆ మౌనము ఎట్లు పెరిగినదో యనునది.

మొదట ఒక చిన్న మాట దాచుట; అది వైద్యుని యొద్ద. దాని వెనుక మఱియొకటి. అది కచేరి కాగితముపై. రెండేండ్లు, మూడేండ్లు ఏమియు జరుగకపోవుటచే, దాచినవానికి దాచితినన్న తలంపే మఱుగుపడును. అభియోగము నడుపు అధికారులు ఆ డ్రైవరుపై నేరము మోపుటకు తగిన సాక్ష్యము లేదని నిశ్చయించిరి. మృతుల బంధువులు తామే యభియోగము నడుపుటకు అనుమతి వేడగా, 2016 డిసెంబరులో అచటి హైకోర్టు నిరాకరించెను. ఆ దినమున తాను సొమ్మసిల్లుదునని యతడు ఎఱుగునా యను ప్రశ్న న్యాయస్థానమునకు చిక్కు ప్రశ్నయే. కుటుంబములకు మాత్రము అది చిక్కు ప్రశ్న గాదు.

సొమ్మసిల్లుట యనగా నేమో కొంచెము వివరించెదము. మనుష్యుడు నిలువుగా నున్నపుడు నెత్తురు సహజముగా కాళ్లవైపునకు దిగజాఱ జూచును. దానిని పైకి పంపుటకు గుండెయు, నెత్తురు గొట్టములును ఎడతెగక పాటుపడుచుండును. ఎండలో చాలసేపు నిలిచినపుడు గాని, దేహములో నీరు తగ్గినపుడు గాని, గాయమును చూచి జడిసినపుడు గాని, యీ యేర్పాటు కొందఱిలో తబ్బిబ్బగును. గుండె మందగించును, గొట్టములు వదులగును, మెదడునకు చాలినంత నెత్తురు అందదు. అపుడు మనుష్యుడు నేలకొఱగును. ఉదయము బడిలో వరుసలు తీరి నిలిచినపుడు ఎవడైన నొక బాలుడిట్లు పడుట మనము చూచినదే. ఇచట ఆ పడుటయే చికిత్స. దేహము అడ్డముగా నున్నపుడు నెత్తురు సులువుగా మెదడునకు చేరును; కొలది క్షణములలో బాలుడు కన్ను తెఱచి, తన చుట్టు మూగినవారిని చూచి సిగ్గుపడును.

డ్రైవరునకు పడుటకు వీలు లేదు. ఆసనము అతనిని నిలువుగానే పట్టియుంచును. కావున నేలపై క్షణములలో తీఱునది అచట మఱికొంత కాలము పట్టవచ్చును. ఆ కాలమున పాదము బ్రేకుపై నున్నదో, యాక్సిలరేటరుపై నున్నదో యతనికి తెలియదు. ఈ విధమగు సొమ్మకు ముందుగా చెమట పోయుట, కడుపులో వికారము, చూపు మసకబాఱుట, చెవులలో హోరు మొదలగు గుర్తులు సాధారణముగా కనబడును. అవి కనబడిన వెంటనే బండిని ప్రక్కకు తీసి నిలుపవలెను. గుండె లయ తప్పుట వలన వచ్చు స్మృతిభ్రంశము మఱింత అపాయకరము. దానికి ముందు గుర్తులు లేకయే పోవచ్చును. ఒకసారి తెలివి తప్పినవాడు, అది యేల తప్పినదో వైద్యుడు చెప్పునంత వఱకు స్టీరింగు ముట్టరాదనుటకు కారణ మిదియే.

చక్కెర వ్యాధిని గూర్చి చెప్పవలసినది మఱికొంత యెక్కువగా నున్నది. ఏలయన అది మన యిండ్లలోని వ్యాధి. మన దేశమున 10 కోట్లకు పైగా జనులకు ఈ వ్యాధి కలదని భారత వైద్య పరిశోధనా మండలి వారి పరిశీలనము 2023లో తెలిపెను. జనులు నెత్తురులో చక్కెర యెక్కువగుటనే భయపడుదురు. బండి నడుపువానికి తత్‌క్షణ భయము అది తగ్గుట వలన. ఇన్సులిను సూది వేసికొనువారును, చక్కెరను తగ్గించు కొన్ని జాతుల మాత్రలు మ్రింగువారును వేళకు భోజనము చేయనిచో, చక్కెర ఉండవలసిన హద్దునకు దిగువకు పోవును. మెదడు ముఖ్యముగా చక్కెరతోనే పనిచేయును గనుక మొదట దెబ్బతినునది మెదడే. చేతులు వణకును, చెమట పట్టును, ఆకలి వేయును. పిదప మాట తడబడును, చూపు చెదరును, కోపము వచ్చును. చూచువారు త్రాగినాడని తలంతురు. ఇందులోని విపరీత మేమనగా, “నాకిపుడు బండి నడుపు శక్తి కలదా?” యని విచారింపవలసిన అవయవమే ఆ సమయమున పస్తు పడియున్నది. చాలకాలముగా వ్యాధి యున్నవారిలో కొందఱికి వణకు, చెమట మొదలగు హెచ్చరికలు రావడమే మానుకొనును.

బ్రిటను దేశమున ఇన్సులిను తీసికొను డ్రైవర్లకు స్పష్టమైన నియమములు కలవు. బయలుదేరుటకు ముందు రెండు గంటలలోపల నెత్తురు పరీక్షించుకొనవలెను. దూరప్రయాణమైనచో ప్రతి రెండు గంటలకును మరల చూచుకొనవలెను. చక్కెర ఇంచుమించు 90 మిల్లీగ్రాములకు తగ్గినచో ఏదైన తినవలెను; 72కు దిగువ నున్నచో బండి ముట్టరాదు. నడుపుచుండగా తగ్గినచో బండి నిలిపి, ఇంజను ఆర్పి, తీపి తిని, చక్కెర సరియైన పిదప గూడ 45 నిమిషములు ఆగవలెను. ఇంతసేపు ఏలయనగా నెత్తురు కోలుకొన్న తరువాత మెదడు కోలుకొనుటకు వేళ పట్టును. మన లారీ డ్రైవర్లు రెండు రేవుల నడుమ అన్నము ఎపుడు తినుదురో, ఎక్కడ తినుదురో వారికే నిశ్చయము లేదు. గ్లూకోజు పొట్లమొకటి చొక్కా జేబులో నుంచుకొనుటకు మాత్రము ఖర్చు అంతగా లేదు. సామాను పెట్టెలో గాక జేబులోనే యుంచవలెను సుమా.

మూర్ఛరోగమును, అనగా ఫిట్సును, మన జనులు దాచినంతగా మఱి యే వ్యాధిని దాచరు. పెండ్లి తప్పిపోవునని యొక భయము, పని పోవునని యొక భయము. మందులు క్రమముగా మ్రింగుచున్నవారిలో పెక్కుమందికి సంవత్సరముల తరబడి మూర్ఛ రాకుండ నిలుచును. బ్రిటనులో పండ్రెండు నెలలు మూర్ఛ రాకయున్న మనుష్యునికి కారు నడుప సాధారణముగా అనుమతి యిత్తురు. లారీకి, బస్సుకు మాత్రము మందు లేకయే పదేండ్లు గడువవలెను. ఈ భేదము న్యాయమైనదే. కారు మోయు బరువు వేఱు, నలువదిమందిని మోయు బస్సు వేఱు. ఒక్క దినము మందు మఱచుట, ఒక్క రాత్రి నిద్ర మానుట, ఈ రెండును మూర్ఛను పిలిచి తెచ్చునని రోగియు, రోగి యింటివారును ఎఱిగియుండవలెను.

ఇక నిద్ర. నిద్రలేమిని వ్యాధిగా మన వారెవరును ఎన్నరు. పైపెచ్చు దానిని మగతనముగా చెప్పుకొందురు. రెండు రాత్రులు ఱెప్ప వాల్చక బండి తెచ్చితినని సంతోషముగా చెప్పువారిని మేము వినియున్నాము. 1997లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు డాసను, రీడు గారలు కొందఱిని మేల్కొల్పియుంచి వారి చేతి చుఱుకును పరీక్షించిరి. 17 గంటలు మేల్కొనియున్న మనుష్యుని నేర్పు, 100 మిల్లీలీటర్ల నెత్తురులో 50 మిల్లీగ్రాముల మద్యసారము గలవాని నేర్పుతో సమానముగా తగ్గెనని తేలెను. మన చట్టము త్రాగి నడుపువానికి పెట్టిన హద్దు 30 మిల్లీగ్రాములు. అనగా తెల్లవాఱుజామున నాలుగు గంటలకు లేచి, రాత్రి తొమ్మిది దాటిన పిదప గూడ స్టీరింగు పట్టియున్న మనుష్యుడు, చుక్కయైనను ముట్టకయే త్రాగుబోతువాని స్థితికి చేరుచున్నాడు. రోడ్డుపై పోలీసువాని గొట్టములో ఊదినచో అతనికి ఏమియు రాదు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము పనివేళను సామాన్యముగా దినమునకు 8 గంటలకును, వారమునకు 48 గంటలకును మితము చేసియుండెను. ఆ చట్టమును ఎందఱు యజమానులు చదివిరో మేము చెప్పజాలము.

గుఱక పెట్టు వారిలో కొందఱికి నిద్రలో ఊపిరి మాటిమాటికి ఆగును. వారు ఎనిమిది గంటలు పడుకొన్నను పగలంతయు కునుకుచునే యుందురు. ఈ సంగతి రోగికి తెలియదు. భార్యకే మొదట తెలియును. గుఱక నడుమ నిశ్శబ్దము, పిదప ఉలికిపాటుతో గట్టిగా ఊపిరి పీల్చుట, పగటివేళ కూర్చున్నచోటనే తూగుట, ఇవి కనబడినచో నవ్వి యూరకుండక వైద్యునికి చెప్పవలెను. జలుబునకు, దురదకు, దగ్గునకు అంగడిలో అడిగి కొనుకొను కొన్ని మాత్రలును, మందులును మత్తు కలుగజేయునవి యనుటయు ఇచటనే చెప్పుట మంచిది. మందు కొనునపుడు “ఇది వేసికొని బండి నడుపవచ్చునా?” యని యడుగుట కష్టము గాదు.

కంటి సంగతి సులువుగా కనబడును గాని తెలియుట ఆలస్యమగును. ఏలయన శుక్లము ఒక్క దినమున రాదు. ప్రతి యేడు కొంచెము కొంచెముగా తెర దిగుచుండుటచే, లోకమే మసకగా నున్నదని మనుష్యుడు సరిపెట్టుకొనును. పగలు బాగుగానే కనబడును. రాత్రి ఎదుటినుండి వచ్చు బండి దీపము మాత్రము పగిలిన అద్దమువలె కన్నంతయు వ్యాపించి, దాని ప్రక్కన నడచువానిని మఱుగుపఱచును. శుక్లమునకు శస్త్రచికిత్స చేయించుకొన్న వృద్ధులును, చేయించుకొననివారును కారు నడుపుటలో ఎట్లున్నారో అలబామా విశ్వవిద్యాలయము వారు పరిశీలించి 2002లో ప్రకటించిరి. చేయించుకొన్నవారికి కలిగిన ప్రమాదములు తక్కినవారికంటె సుమారు సగము మాత్రమే. ఇంత ఫలమిచ్చు చికిత్స వైద్యములో అరుదు.

మా విద్యార్థి యొకని తండ్రి లారీ నడుపువారు. తరగతి ఉపాధ్యాయుడు చేతికిచ్చిన మార్కుల కాగితమును ఆయన తిరుగవేసి, మరల తిరుగవేసి, “నీవే చదువురా అబ్బాయీ” అని కొడుకునకు ఇచ్చిరి. చదువు రాని వారు గారు. అడుగగా మెల్లగా చెప్పిరి: రెండేండ్లుగా రాత్రివేళ క్లీనరు కుఱ్ఱవాడు ప్రక్కన కూర్చుండి “అన్నా, ముందర స్పీడు బ్రేకరు, అన్నా, ఎడమ ప్రక్క సైకిలు” అని చెప్పుచుండగా నడుపుచున్నారట. యజమానికి తెలిసినచో బండి మఱియొకరి చేతికి పోవును. ఇంటిలో నలుగురు పిల్లలు. ఈయనను తప్పుపట్టుట తేలిక. కాని యా మాట విన్నపుడు మాకు తోచినది మఱియొకటి: నిజము చెప్పినవానికి ఆకలియు, దాచినవానికి అన్నమును దొరకుచున్నంత కాలము ఎంతమంది చెప్పుదురు? ఆయనకు సర్కారు ఆసుపత్రిలో ఉచితముగా శస్త్రచికిత్స జరిగెను. ఆ నెల రోజులును యజమాని ఆయనను గోదాములో సరకు లెక్కకు పెట్టి సగము జీతమిచ్చెను. అట్టి యజమానులు అందఱును కారు. తెలంగాణమున 2018లో “కంటి వెలుగు” పేరిట ఊరూర కన్ను పరీక్షించి కండ్లద్దములు ఉచితముగా ఇచ్చిరి. అట్టివి లారీలు నిలుచు అడ్డాల యొద్ద తఱచుగా జరిగిన మేలని మా యభిప్రాయము.

మన దేశమున చట్టమేమి చెప్పుచున్నదో చూతము. లైసెన్సు కోరువాడు ముందుగా ఒకటవ నంబరు ఫారము నింపవలెను. అందు ప్రశ్నలు సూటిగా నున్నవి. మూర్ఛరోగము గాని, ఏ కారణముచేతనైన ఆకస్మికముగా తెలివి తప్పుట గాని, కండ్లు తిరుగుట గాని కలదా? మంచి పగటి వెలుతురులో 25 మీటర్ల దూరమునుండి మోటారు కారు నంబరు పలకను చదువగలవా?  రేచీకటి కలదా? కాలుసేతులలో బలము తగ్గినదా? వీనికి ప్రత్యుత్తరమిచ్చువాడు దరఖాస్తుదారుడే. అడుగువాడు కాగితము; చెప్పువాడు తాను; సాక్షియు తానే. పెక్కుమంది ఈ ఫారమును చదువకయే, బయట బల్ల వేసికొని కూర్చున్నవానిచేత నింపించి క్రింద సంతకము చేయుదురు.

1988 నాటి మోటారు వాహనముల చట్టము 186వ సెక్షను ప్రకారము, తన నడపకము ప్రజలకు అపాయము తెచ్చునట్టి వ్యాధి గాని, లోపము గాని తనకు కలదని తెలిసియు బహిరంగ స్థలమున బండి నడుపువాడు శిక్షార్హుడు. 2019లో చేసిన సవరణతో మొదటి తప్పునకు వేయి రూపాయల వఱకును, తరువాతి తప్పులకు రెండు వేల వఱకును జుల్మానా. జుల్మానా స్వల్పమే. ఆ సెక్షనులో బరువైన మాట “తెలిసియు” అనునది. వ్యాధి వచ్చుట నేరము గాదు. తెలిసి నడుపుట నేరము. తెలియకుండుటకై వైద్యుని యొద్దకే పోకుండువాడు చట్టమునుండి తప్పించుకొనవచ్చునేమో గాని, విద్యుత్ స్తంభమునుండి తప్పించుకొనలేడు.

ఇంకొక విచిత్రము కలదు. ఎనిమిదేండ్లు దాటిన లారీకి ప్రతి సంవత్సరము ఎఫ్.సి. చేయింపవలెను. బ్రేకులు, దీపములు, చక్రములు అన్నియు చూచి పత్రమిత్తురు. దానిని నడుపు మనుష్యుని లైసెన్సు అయిదేండ్లకొకసారి మరల వ్రాయించుకొన్నచో చాలును. వైద్యుని పత్రము అపుడే యడుగుదురు. ఇనుమునకు ఏటేట పరీక్ష, నెత్తురునకును మాంసమునకును అయిదేండ్లకొకటి! నలువదియైదేండ్ల మనుష్యుని గుండెలో, కంటిలో అయిదేండ్లలో ఎంత మార్పు రాగలదో వైద్యులను అడిగి తెలిసికొనవచ్చును. లైసెన్సు గలవానిని ఎపుడైనను వైద్యపత్రము తెమ్మని యడుగుటకు 16వ సెక్షను అధికారులకు హక్కు ఇచ్చినది. అది వాడుకలో నున్నట్లు మేము వినలేదు.

ఇట్లని లోపము కలవారినందఱిని రోడ్డునుండి తఱుమవలెనని మా మతము గాదు. 1875లో స్వీడను దేశమున లాగెర్లుండా యొద్ద రెండు రైళ్లు ఢీకొనగా, హోంగ్రెను అను ఆచార్యుడు, సంకేత దీపముల రంగులు పోల్చలేని ఉద్యోగి దానికి కారణమై యుండునని తలచి, రంగు ఊలు కుచ్చులతో రైలు ఉద్యోగుల కండ్లను పరీక్షించు పద్ధతిని కనిపెట్టెను. నాటినుండి రంగుల పరీక్ష లోకమంతట వ్యాపించెను. కాని మోటారు నడుపువానికి దీపము రంగు మాత్రమే గాక, అది పైనున్నదో క్రిందనున్నదో గూడ తెలియును గదా! అందుచేత స్వల్పముగా రంగులు పోల్చలేనివారికి లైసెన్సు ఇయ్యవచ్చునని 2020లో మన ప్రభుత్వము నియమము సడలించెను. చెవిటివారు కారు నడుపుటకు అర్హులని 2011లో ఢిల్లీ హైకోర్టు త్రోవ తీసెను. కాలు లేనివారికి తగినట్లు మార్చిన బండ్లును కలవు. ఈ లోపములు ఎల్లపుడు ఒక్కతీరుగా నుండునవి. మనుష్యుడు వానిని ఎఱిగి సర్దుకొనును. అపాయమంతయు, ఉన్నట్టుండి వచ్చి మీదపడు వ్యాధులలోను, మెల్లగా పెరుగుచు కనబడని వ్యాధులలోను కలదు.

మన బాలురలో గేరు బండి గాని, కారు గాని నడుపు వయస్సు వచ్చినవారు లేరు. అందులకు 18 ఏండ్లు నిండవలెను. కాని బండ్లలో వెనుక కూర్చుండు వారందఱును వారే. పెండ్లినుండి రాత్రికి రాత్రి మరలవలెనని తండ్రిని తొందరపెట్టువారును కొందఱు వారిలోనే కలరు. జ్వరముతో నున్న అన్నను పరీక్ష వేళకు దింపుమని యడుగుటకంటె బస్సెక్కుట మేలు. తాతగారి కారునకు ఈ మధ్య ప్రతి నెల యొక క్రొత్త సొట్ట పడుచున్నచో, అది కారు దోషము గాదు. దానిని మర్యాదగా తల్లితో చెప్పవలెను, నలుగురిలో నవ్వుటకు గాదు.

ఈ యేడు మా పాఠశాల ద్వారము ప్రక్క గోడకు ఒక మోటారు నంబరు పలకను తగిలించి, అచటినుండి 25 మీటర్లు టేపుతో కొలిచి నేలపై సున్నముతో గీత గీయించితిమి. బిడ్డలను దింపుటకు వచ్చు తలిదండ్రులును, ఆటో, వ్యాను నడుపువారును ఆ గీతపై నిలిచి, కండ్లద్దములు వాడువారు వానితోనే, ఒక్కొక్క కన్ను మూసికొని చదివి చూచుకొనవచ్చును. చదువలేనివారిని ఎవరును ఏమియు ప్రశ్నింపరు. ప్రక్కనున్న బల్లపై సర్కారు కంటి ఆసుపత్రి వేళలు వ్రాసిన కాగితములు కలవు, ఒకటి తీసికొని పోవచ్చును. పలకపై అంకెలను వారమునకు రెండుసారులు మార్చుచున్నాము. ఏలయన మొదటి వారము గడువక మునుపే బాలురు వానిని కంఠస్థము చేసి తమ తండ్రులకు చెప్పియుంచిరి.